మందుకూ తీర్థానికీ నడుమ బీరు

తాగుడుకు తెలుగువాళ్లు పెట్టుకున్న మారుపేర్లు చాలానే ఉన్నా, రెండింటికున్న బలం మిగతావాటికి లేదు. ఒకటి మందు, రెండోది తీర్థం. మందు అన్నప్పుడు ఒక వైద్యుడు, తీర్థం పుచ్చుకున్నారన్నప్పుడు ఒక పూజారి వెనక నిలబడి తల ఊపుతున్నట్టే ఉంటుంది. తాగబోయేవాడికి కావలసిన అనుమతులు కూడా అవే. ఒంటికి మంచిదని ఒకరు చెప్పాలి, పాపం కాదని ఇంకొకరు చెప్పాలి. ఆ రెండు సంతకాలూ మన భాష ముందే పెట్టి ఉంచింది.

అమెరికాలో 1920లో దేశమంతటా మద్యనిషేధం వచ్చినప్పుడు చట్టం వదిలిన పెద్ద సందులు కూడా సరిగ్గా ఈ రెండే. వైద్యుడు చీటీ రాస్తే ఒక మనిషి పది రోజులకు ఒక పైంటు విస్కీ, అంటే అర లీటరుకు కాస్త తక్కువ, మందుల షాపులో కొనుక్కోవచ్చు. చర్చిలో ప్రభుభోజనానికీ, యూదుల ఇళ్లలో విశ్రాంతిదిన ప్రార్థనకూ వైన్ వాడుకోవచ్చు. ఈ రెండో దారిన 1922లో గిడ్డంగులు దాటిన వైన్ సుమారు 21 లక్షల గ్యాలన్లు. 1924కు అది 29 లక్షలు దాటింది. రెండేళ్లలో దేశానికి ఇంత భక్తి ఎక్కడినుంచి వచ్చిందన్న అనుమానం చర్చిల సమాఖ్యకే కలిగింది.

బీరుకు మాత్రం ఈ రెండు తలుపుల్లో ఏదీ తెరుచుకోలేదు. ఆరాధనలో దానికి చోటు లేదు. వైద్యుడి చీటీ మీద బీరు కూడా ఇవ్వవచ్చని ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి ఒక దశలో అభిప్రాయం చెబితే, 1921 చివర్లో దానికోసమే మరో చట్టం తెచ్చి ఆ సందు మూసేశారు. విస్కీ మందు అయింది, వైన్ తీర్థం అయింది, బీరు బీరుగానే మిగిలింది. అయినా ఇవాళ కాఫీ కప్పుల మీద, టీ షర్టుల మీద, పబ్బుల గోడల మీద దేవుణ్ణి సాక్షిగా పిలిచేది ఎక్కువగా బీరే. ఏ శాస్త్రమూ వెనకేసుకు రాని పానీయానికి ఇన్ని సూక్తులు ఎలా వచ్చాయి? సూక్తిని కాస్త గీకి చూస్తే కింద ఇంకొకరి పేరు కనబడుతుంది.

వాటిలో అన్నిటికంటే ఎక్కువగా అచ్చయినది బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీద ఉంది. ‘దేవుడు మనల్ని ప్రేమిస్తున్నాడనీ, మనం సంతోషంగా ఉండాలని కోరుకుంటున్నాడనీ చెప్పడానికి బీరే రుజువు’ అని. ఫ్రాంక్లిన్ ఆ మాట అనలేదు. అన్న మాట వేరే ఉంది. 1779 ప్రాంతంలో, డెబ్బై దాటిన వయసులో ఆయన పారిస్ పక్కన పాసీలో అమెరికా రాయబారిగా ఉన్నాడు. అక్కడి మిత్రుల్లో ఆంద్రే మోరెల్లే ఒకరు. హోదాకు క్రైస్తవ మతగురువు, సరదాకు తాగుడు పాటలు పాడేవాడు. ఆయనకు ఫ్రాంక్లిన్ ఫ్రెంచిలో ఒక కొంటె ఉత్తరం రాశాడు. కానా ఊరి పెళ్లిలో క్రీస్తు నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడని అందరూ అద్భుతంగా చెప్పుకొంటారు గానీ, ఆ అద్భుతం రోజూ మన కళ్లముందు జరుగుతూనే ఉందన్నాడు. ఆకాశం నుంచి వాన ద్రాక్షతోటల మీద పడుతుంది, వేళ్లలోకి దిగుతుంది, వైన్ అవుతుంది. దేవుడు మనల్ని ప్రేమిస్తున్నాడనడానికీ, మనం సంతోషంగా ఉంటే చూడాలనుకుంటాడనడానికీ ఇదే నిత్య నిదర్శనం. అసలు వాక్యం అది. అందులో వాన ఉంది, తీగ ఉంది, వైన్ ఉంది. బీరు చుక్క కూడా లేదు.

ఆ ఉత్తరంలో మిగతా భాగం కప్పు మీద పట్టదు గానీ, హాస్యమంతా అక్కడే ఉంది. బైబిల్లో జలప్రళయాన్ని దాటి బతికిన నోవహుకు ముందు మనుషులకు నీళ్లు తప్ప వేరే తాగడానికి లేదు కాబట్టి సత్యం తెలియక చెడిపోయారట. వాళ్లకు ఇష్టమైన ఆ నీళ్లతోనే దేవుడు వాళ్లను ముంచేశాడట. తోటివాళ్లంతా ఆ పానీయంతో పోవడం చూసిన నోవహుకు నీళ్లంటే రోత పుట్టింది కాబట్టి ఆయన దప్పిక తీర్చడానికి ద్రాక్షతీగ పుట్టిందట. ఉత్తరం చివర మోచేయి మీద ఒక చిన్న శాస్త్రచర్చ, దానికి బొమ్మలు కూడా. మోచేయి మణికట్టు పక్కన ఉండి ఉంటే గ్లాసు నోటిదాకా వచ్చేది కాదు. భుజం పక్కన ఉండి ఉంటే నోరు దాటి తల వెనక్కి పోయేది. సరిగ్గా ఉండవలసిన చోట ఉంది కాబట్టి గ్లాసు తిన్నగా నోటికి వస్తోంది. కనుక గ్లాసు చేతిలో ఉండగానే సృష్టికర్త తెలివికి మొక్కుదాం, మొక్కి తాగుదాం అని ముగింపు. మోచేయి అనగానే మోచేతి నీళ్లు గుర్తొచ్చే మనకు ఈ కొత్త ఉపయోగం కాస్త ఊరటే.

బీరు గురించి ఫ్రాంక్లిన్ నిజంగా చెప్పినది ఆయన ఆత్మకథలో ఉంది, దాన్ని ఏ బీరు కంపెనీ కప్పు మీద వేసుకోదు. 1725 ప్రాంతంలో, ఇరవై ఏళ్లు నిండీనిండని వయసులో ఆయన లండన్ అచ్చుయంత్రశాలల్లో పని చేశాడు. పక్కన పనిచేసే మనిషి పొద్దున ఫలహారానికి ముందు ఒక పైంటు బీరు, ఫలహారంతో ఒకటి, ఫలహారానికీ భోజనానికీ మధ్య ఒకటి, భోజనంతో ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి, పని అయ్యాక ఒకటి తాగేవాడు. బరువు పని చేయాలంటే గట్టి బీరు తాగాలని అతని నమ్మకం. అంటే అతనికి బీరు మందు. ఫ్రాంక్లిన్ నీళ్లు తాగుతూ, రెండు చేతుల్లో రెండు బరువైన అచ్చు అక్షరాల చట్రాలు పట్టుకుని మెట్లెక్కేవాడు. మిగతావాళ్లు రెండు చేతులతో ఒకటే మోసేవాళ్లు. ఆయనకు ‘నీళ్ల అమెరికన్’ అని పేరు పెట్టారు. ఆయన లెక్క వేసి చెప్పాడు: బీరులో బలం ఉంటే అది అందులో కరిగిన బార్లీ పిండిదే, ఒక్క పెన్నీ రొట్టెలో అంతకంటే ఎక్కువ పిండి ఉంటుంది, కాబట్టి రొట్టె తిని నీళ్లు తాగితే సరిపోతుంది అని. అతను వినలేదు. ప్రతి శనివారం రాత్రి జీతంలోంచి నాలుగైదు షిల్లింగులు ఆ పానీయానికే కట్టాడని ఆ తోటివాడి గురించి రాసుకున్నాడు. బీరు మందు కాదని గట్టిగా వాదించిన మనిషి తలమీద, చనిపోయాక, బీరు తీర్థమన్న సూక్తి పెట్టారు.

వైన్ తీసేసి బీరు ఎక్కించడం ఎవరు చేశారో పేరు పెట్టి చెప్పాల్సిన పని లేదు. ఇలాంటి మార్పు ఒక మనిషి చేసేది కాదు. అమెరికాలో వైన్ పెద్దవాళ్ల బల్ల మీది సరుకు, బీరు పని దిగి వచ్చినవాడి చేతిలోది. సూక్తి జనంలోకి రావాలంటే వేషం మార్చుకోవాలి. పైగా వైన్‌కు వేరే సిఫారసు అక్కర్లేదు. దానికి బైబిలే ఉంది.

బీరుకూ ఒకప్పుడు సొంత దేవతలు, సొంత స్తోత్రాలు ఉండేవి. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలోని ప్రాచీన సుమేరులో నిన్‌కాసి అని ఒక దేవత ఉంది, ఆమె పనే బీరు కాయడం. క్రీస్తుపూర్వం 1800 నాటి మట్టిపలకల మీద దొరికిన ఆమె స్తోత్రం దాదాపు వంటకం చెప్పినట్టే నడుస్తుంది. మొలకల్ని నానబెట్టడం, రొట్టె కాల్చడం, పులిసిన కషాయాన్ని వడపోయడం, చివరికి వడకట్టిన బీరు టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు పొంగినట్టు పాత్రలోకి దూకడం. ఈజిప్టు కథ ఇంకా పెద్దది. మనుషుల మీద కోపగించిన సూర్యదేవుడు రా పంపిన దేవత సింహరూపంలో వాళ్లను చంపుతూ రక్తం మరిగింది. ఆపమన్నా ఆగే స్థితిలో లేదు. అప్పుడు ఏడు వేల కుండల బీరు కాచి, ఎర్రరంగు కలిపి పొలాల్లో పోయించారు. ఆమె అది రక్తమనుకుని తాగి, మత్తెక్కి, వచ్చిన పని మరచి ఇంటికి పోయింది. మనుషజాతి మిగిలిందంటే బీరు వల్ల మిగిలిందని ఒక మతం సూటిగా చెప్పింది. బీరు ప్రియులు వాడుకోదగిన అసలైన సూక్తి ఇది. దీన్ని వదిలేసి ఫ్రాంక్లిన్ జేబులో చెయ్యి పెట్టడం వాళ్ల దురదృష్టం.

తరువాత వచ్చిన పెద్ద మతం ద్రాక్ష పండే నేలలో పుట్టింది. క్రీస్తు చివరి భోజనంలో గిన్నెలో ఉన్నది ద్రాక్షరసం కాబట్టి ఆరాధనకు అదే కావాలి. ఆ మతం ద్రాక్ష పండని చలిదేశాలకు వెళ్లినప్పుడు అక్కడి జనం ఇంట్లో ఉన్నది బీరు. ఈ చిక్కులోంచి 1241లో ఒక ఉత్తరం పుట్టింది. నార్వేలోని నిదరోస్, అంటే ఇప్పటి ట్రాండ్‌హైమ్, ఆర్చిబిషప్పుకు తొమ్మిదో గ్రెగరీ పోపు రాసినది. నీళ్లు దొరక్క మీ దేశంలో అప్పుడప్పుడు పసిబిడ్డలకు బీరుతో బాప్తిస్మం ఇస్తున్నారని మీ మాటల వల్ల తెలిసింది, నీటి వల్ల, ఆత్మ వల్ల పుట్టాలని సువార్త చెబుతోంది కాబట్టి బీరులో బాప్తిస్మం పొందినవాళ్లు సరిగ్గా పొందినట్టు కాదు అని. చుట్టూ సముద్రపు పాయలు, నెత్తిన మంచు ఉన్న నార్వేలో నీళ్ల కరువు ఎలా వచ్చిందని పోపు అడగలేదు. ఏ హాస్యగాడూ ఇంత గంభీరమైన ముఖంతో ఇంత మంచి వాక్యం రాయలేడు.

అలాగని చర్చి బీరును పూర్తిగా గడప బయట నిలబెట్టలేదు. రోమన్ పూజావిధుల పుస్తకంలో బీరును ఆశీర్వదించే ప్రార్థన ఒకటి ఉంది. ధాన్యపు సారంలోంచి నువ్వు పుట్టించిన ఈ బీరును దీవించు, ఇది మనుషులకు ఆరోగ్యమిచ్చే ఔషధం కావాలి అని కోరుతుంది. పూజారి స్వయంగా వచ్చి, దీన్ని తీర్థం చేయలేను గానీ మందు చేస్తానని చీటీ రాసి ఇచ్చినట్టుంది.

సన్యాసుల మఠాల్లో బీరు కాయడం మీద ఎన్ని సరదా కథలున్నా, వాటన్నిటికీ మూలమైన వాక్యం ఆరో శతాబ్దపు సన్యాసి బెనెడిక్ట్ రాసిన నియమావళి నలభయ్యో అధ్యాయంలో ఉంది. ద్రాక్షమద్యం సన్యాసులకు అసలు తగదని మనం చదువుతున్నాం, కానీ ఈ కాలపు సన్యాసులకు ఆ మాట నచ్చజెప్పడం సాధ్యం కాదు కాబట్టి, కనీసం కడుపు పగిలేలా కాకుండా మితంగా తాగుదామన్న దగ్గరైనా ఒప్పుకుందాం అంటాడు. రోజుకు మనిషికి ఒక చిన్న కొలత ఖరారు చేస్తాడు. అది కూడా దొరకని చోట ఉన్నవాళ్లు దేవుణ్ణి స్తుతించాలి, గొణగకూడదు అని ముక్తాయిస్తాడు. మఠం నడిపిన అనుభవం ప్రతి మాటలో ఉంది. చర్చి చట్టం రాసేవాడు మనిషిని చూసి నిట్టూర్చిన చప్పుడు ఇంత స్పష్టంగా ఇంకెక్కడా వినబడదు.

మన దగ్గర కూడా ధాన్యం పానీయానికి ఇదే గతి పట్టింది. వైదిక యజ్ఞాల్లో సోమానికి ఉన్న స్థానం వేరు, సురకు ఉన్న స్థానం వేరు. సోమం ఒక తీగనో మొక్కనో దంచి పిండిన రసం. సుర బియ్యమో బార్లీయో పులియబెట్టి చేసినది, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే బీరుకు దగ్గరి చుట్టం. సోమం సత్యం, శ్రీ, జ్యోతి. సుర అసత్యం, పాపం, చీకటి. శతపథ బ్రాహ్మణం ఈ తీర్పు చెప్పేది వాజపేయ యజ్ఞం సందర్భంలో. ఆ యజ్ఞంలో సోమపాత్రలు పదిహేడు, సురాపాత్రలు కూడా పదిహేడే. చీకటి అని పేరు పెట్టారు గానీ లెక్క తగ్గించలేదు. మనుస్మృతి పదకొండో అధ్యాయం ఇంకో మెట్టు దిగి సురను అన్నానికి మలం అంటుంది, సురాపానాన్ని మహాపాతకాల్లో చేరుస్తుంది. కౌటిల్యుడికి ఈ గొడవ లేదు. ఆయన అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే ఉద్యోగిని పెట్టి, పులియబెట్టడానికి వాడే కిణ్వం ఎలా చేయాలో చెబుతాడు. మినుములు, వాటికంటే ఎక్కువగా బియ్యం, కొన్ని మూలికలు. మూలికలు పక్కన పెడితే, ఏ తెలుగింట్లోనైనా రాత్రి రుబ్బి పెట్టే ఇడ్లీపిండి సామగ్రి అదే.

నిషేధం ఎలా మొదలైందో చెప్పే భారతకథ కూడా చిన్నది కాదు. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిద సురలో కలిపి శుక్రాచార్యుడి చేతికిచ్చారు. ఆయన తాగేశాడు. తరువాత శిష్యుడు కడుపులోంచి పలికాడు. శిష్యుణ్ణి బతికించాలంటే గురువు పొట్ట చీలాలి, అందుకు ముందు మృతసంజీవని శిష్యుడికి నేర్పాలి. అంత తతంగం ముగిసి లేచి కూర్చున్నాక శుక్రుడు శాపం పెట్టాడు: నేటి నుంచి మద్యం తాగిన బ్రాహ్మణుడికి బ్రహ్మహత్యాపాతకం అంటుతుంది అని. రాత్రి తాగినవాడు తెల్లవారి లోకానికంతటికీ నిషేధం విధించడం అప్పుడే మొదలైందన్నమాట.

బీరు హాస్యం అరువు తెచ్చుకునే పద్ధతికి వద్దాం. వైన్ పేరు మార్చడం ఒక దారి. వాక్యాన్ని సగంలో కోయడం ఇంకా పాత దారి. దీనికి మన దగ్గర బాగా నలిగిన ఉదాహరణ మనుస్మృతి ఐదో అధ్యాయంలోని యాభై ఆరో శ్లోకం. ‘న మాంసభక్షణే దోషో న మద్యే న చ మైథునే’ అని మొదటి పాదాలు చదివి చాలామంది గ్లాసు ఎత్తుతారు. మాంసం తింటే దోషం లేదు, మద్యానికి లేదు, మైథునానికీ లేదు. శ్లోకం అక్కడ ఆగదు. ‘ప్రవృత్తిరేషా భూతానాం నివృత్తిస్తు మహాఫలా’ అంటుంది. ప్రాణులు అటువైపు పోవడం సహజమే గాని, మానుకోవడమే గొప్ప ఫలమిస్తుందని. రెండో సగం ఏ విందులోనూ వినబడదు. ముస్లిం సమాజంలో ఇదే చమత్కారం ఇంకో రూపంలో ఉంది. ఖురాన్ నాలుగో అధ్యాయం నలభై మూడో వాక్యం, మత్తులో ఉన్నప్పుడు, మీరు పలికేది మీకు తెలిసేదాకా నమాజు దగ్గరికి వెళ్లకండి అని చెబుతుంది. సోమరి ఒకడు ‘నమాజు దగ్గరికి వెళ్లకండి’ అన్నంతవరకే చదివి మంచం ఎక్కాడని, సగం చదువు చదివేవాళ్లను ఎత్తిపొడవడానికి అక్కడివారే చెప్పుకుంటారు.

జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్‌కు జరిగినది కోతా, అతుకూ రెండూ. బీరు తాగినవాడు త్వరగా నిద్రపోతాడు, నిద్రపోయినవాడు పాపం చేయడు, పాపం చేయనివాడు స్వర్గానికి పోతాడు, కాబట్టి బీరు తాగుదాం అన్న గొలుసు ఆయన పేరు మీద తిరుగుతుంది. ఆయన రచనల్లో అది లేదు. తర్కం చదువుకున్నవారు అందులో లొసుగు ఎక్కడుందో వెంటనే పడతారు. తాగడానికీ నిద్రపోవడానికీ మధ్య కొంత సమయం ఉంటుంది, పాపాలన్నీ ఆ సమయంలోనే జరుగుతాయి. లూథర్ నిజంగా బీరు పేరెత్తినది 1522 మార్చిలో విట్టెన్‌బర్గ్ ప్రసంగాల్లో. చర్చి విగ్రహాలు పగలగొడుతూ ఊళ్లో అల్లరి చేస్తున్న తన అనుచరుల్ని శాంతింపజేయడానికి ఆయన తిరిగి వచ్చాడు. నేను బలవంతం ఏమీ చేయలేదు, దేవుని వాక్యాన్ని బోధించి ఊరుకున్నాను, నేను నిద్రపోతున్నప్పుడూ, మిత్రులు ఫిలిప్, ఆమ్స్‌డార్ఫ్‌లతో విట్టెన్‌బర్గ్ బీరు తాగుతున్నప్పుడూ ఆ వాక్యమే పోపు అధికారాన్ని కూల్చింది అన్నాడు. రాళ్లు పట్టుకున్నవాళ్లను కూర్చోబెట్టడానికి చెప్పిన మాట అది. తరువాత పెళ్లయ్యాక ఆయన ఇంట్లో బీరు కాసేది భార్య కథరీనా కాబట్టి ఆయనకు బీరంటే ప్రీతి ఉన్నమాట వాస్తవం. అయితే ప్రతి దేశానికీ ఒక సొంత దయ్యం ఉంటుందనీ, జర్మనీ దయ్యం పేరు తాగుబోతుతనమనీ రాసింది కూడా ఆయనే.

యూదుల ధర్మగ్రంథం తాల్మూద్‌లో పూరీమ్ పండుగ రోజు ఎంత తాగాలో రావా అనే గురువు చెప్పాడు. యూదుల్ని చంపజూసిన హామాన్ శాపగ్రస్తుడు, కాపాడిన మొర్దెకై ధన్యుడు అన్న రెండు మాటలకూ తేడా తెలియనంతగా తాగాలట. ఈ వాక్యం అందరికీ కంఠస్థం. దాని కిందనే ఉన్న కథ కొందరికే గుర్తుంటుంది. రబ్బా, రబ్బీ జేరా కలిసి పూరీమ్ విందు చేసుకున్నారు. మత్తులో రబ్బా లేచి జేరా గొంతు కోశాడు. మర్నాడు తెలివి వచ్చి ప్రార్థన చేసి బతికించాడు. మరుసటి ఏడాది, రండి, ఈసారీ కలిసి విందు చేసుకుందాం అని పిలిచాడు. ప్రతిసారీ అద్భుతం జరగదు అన్నాడు జేరా. విధిని రాసి, దాని పక్కనే దాని ఫలితాన్ని పెట్టి, మధ్యలో ఏ వ్యాఖ్యా చేయకుండా వదిలేసిన ఆ సంపాదకుడెవరో గాని గొప్ప హాస్యరచయిత.

వద్దనేవాళ్లు కత్తెర పట్టుకోలేదా అంటే, పట్టుకున్నారు. పౌలు తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు కోసం వైన్ తాగమన్న వాక్యం మద్యవిరోధులకు ఎప్పుడూ ఇబ్బందే. బైబిల్లో మంచిదన్న చోటల్లా అది పులియని రసమేననీ, చెడ్డదన్న చోట మాత్రమే మత్తు పానీయమనీ పందొమ్మిదో శతాబ్దంలో ఒక వాదం లేవదీశారు. దానికి తగ్గట్టు 1869లో న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా సీసాల్లో నింపి చర్చిలకు అమ్మబోయాడు. తెలుగు బైబిల్ ఈ తగవును ఒక్క మాటతో తప్పించుకుంది. అందులో వైన్‌కు వాడిన పదం ద్రాక్షారసము. వాడుక తెలుగులో దాన్ని పండ్లరసం దుకాణంలో కూడా అడగవచ్చు. తిమోతికి చెప్పిన వాక్యం ‘ద్రాక్షారసము కొంచెముగా పుచ్చుకొనుము’ అని ముగుస్తుంది. జబ్బుకు ఇచ్చేది కాబట్టి అది మందు. పుచ్చుకొనుము అన్నారు కాబట్టి తీర్థం. ఈ వాక్యం చదివి గ్లాసు ఎత్తేవాళ్లు జారవిడిచేది ఒక్క పదమే: కొంచెముగా.

ఏడో శతాబ్దంలో కంచి పల్లవరాజు మహేంద్రవర్మ రాసిన మత్తవిలాస ప్రహసనంలో ఈ కత్తెర విద్య మొత్తం తలకిందులవుతుంది. కపాలం పట్టుకు తిరిగే శైవ సన్యాసి, కాపాలికుడొకడు కల్లంగడిని యజ్ఞశాలగా చూస్తాడు. గుంజ యూపస్తంభం, మద్యం సోమం, తాగుబోతులు ఋత్విక్కులు, కప్పులు యజ్ఞపాత్రలు, నంజుకునే మాంసం హవిస్సు, మత్తులో వాగినది యజుర్మంత్రాలు, దప్పిక అగ్ని, అంగడివాడు యజమాని. అదే నాటకంలో ఒక బౌద్ధభిక్షువుకు పెద్ద అనుమానం. కారుణ్యమూర్తి అయిన బుద్ధుడు భిక్షువులకు మంచి మేడలు, మెత్తని పడకలు, వేళకు భోజనం అన్నీ ఇచ్చి, మద్యాన్నీ స్త్రీలనూ ఇవ్వకుండా ఉంటాడా? ఆ అనుమతి రాసిన పేజీలను కుర్రవాళ్ల మీద అసూయతో ముసలి భిక్షువులు దాచేశారు, కోత పడని మూలగ్రంథం ఎక్కడో ఉండాలి అంటాడు. ఇప్పటివారు సగం తీసేసి చదువుతుంటే, అతను లేని సగం కోసం వెతికాడు.

ఈ హాస్యానికి ఒక హద్దు ఉంది. దాన్ని చెప్పేవాడు ఎప్పుడూ గ్లాసు పట్టుకున్నవాడే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు మొదలైన కదలిక 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారి తీసింది. రెండేళ్లకు అది సడలిపోయింది కూడా. సారా దేవుడి ప్రేమకు రుజువని ఆ ఆడవాళ్ల ముందు ఎవరూ చమత్కరించలేదు. బైబిల్ సామెతల గ్రంథం ఇరవై మూడో అధ్యాయంలోని తాగుబోతు వాళ్లకు బాగా తెలిసిన మనిషే. నన్ను కొట్టారు గానీ నొప్పి తెలియలేదు, ఎప్పుడు లేస్తానో, లేచి మళ్లీ దానికోసం వెతుక్కుంటాను అంటాడతను.

దేవుడే తాగే చోట మాత్రం ఈ దొంగ సాక్ష్యాలేవీ అక్కర్లేదు. తెలంగాణలో బోనాల పండుగకు ఎల్లమ్మకో, పోచమ్మకో కల్లు సాక పోస్తారు. గీత కార్మికులకు కాటమయ్య ఉన్నాడు, చెట్టెక్కే ముందు తలుచుకోవడానికి. అక్కడ సగం శ్లోకం చదివే అవసరం ఎవరికీ రాదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత ఊళ్లో మాట పడతామని భయపడేవాడిది, సాక పోసే చేతికి ఆ భయం లేదు. కంచె ఉన్నచోటే చమత్కారం మొలుస్తుంది. నేల ఇచ్చినదాన్నే నేలతల్లికి ముందు పోయడంలో కంచె ఎక్కడా లేదు.

ఆ పద్ధతికి దగ్గరగా వచ్చిన ఉదాహరణ ఒకటి మళ్లీ తాల్మూద్‌లోనే ఉంది. బాబిలోనియాలో ద్రాక్ష తక్కువ, ఖర్జూరం ఎక్కువ. మన ఈతచెట్టుకు అది దగ్గరి బంధువు. అక్కడి యూదులు తాగేది ఖర్జూరపు బీరు, దాన్ని కాచి అమ్మే పండితులు కూడా ఉండేవారు. బీరు చేయకపోయి ఉంటే నాకింత సంపద వచ్చేది కాదని రావ్ పాపా నిర్మొహమాటంగా చెప్పుకున్నాడు. అలాంటి ఊరికి ఒక విశ్రాంతిదినాన అమేమార్ అనే గురువు అతిథిగా వచ్చాడు. శనివారం చీకటి పడ్డాక పానీయపు గిన్నె పట్టుకుని ముగింపు ప్రార్థన చదవాలి, చదివేదాకా భోజనం చేయకూడదు. ఇంట్లో వైన్ లేదు, బీరు తెచ్చి పెట్టారు. బీరు మీద ప్రార్థన చదవనని ఆయన ఆ రాత్రి ఆకలితోనే పడుకున్నాడు. మర్నాడు ఇంటివాళ్లు ఎక్కడెక్కడో తిరిగి వైన్ సంపాదించాకే ప్రార్థన, భోజనం. మరుసటి ఏడాది ఆయన మళ్లీ వచ్చాడు. మళ్లీ వైన్ లేదు, మళ్లీ బీరే ఉంది. అయితే ఈ సీమకు ఇదే ద్రాక్షారసం అని, గిన్నె చేతిలోకి తీసుకుని ప్రార్థన చదివి, భోజనానికి కూర్చున్నాడు.